పట్టుదల పలికిన తీరు
పర్లాకిమిడి బడిపంతులు గిడుగు రామమూర్తిగారి ప్రజాజీవితం

ఒక విషయం సత్యమని గాఢంగా నమ్మినవారు దానిని లోకం ఎదుట ఎట్లా ప్రకటిస్తారన్నది చరిత్ర విద్యార్థికి ఎల్లప్పుడూ ఆసక్తి కలిగించే ప్రశ్న. నమ్మకం మనిషి మనస్సులో ఉన్నంత కాలం అది అతని సొంత విషయం. అది నలుగురి మధ్యకు వచ్చిన క్షణం నుంచి సమాజానికి సంబంధించిన విషయమవుతుంది. కొందరు అర్జీలు రాసుకుంటారు. కొందరు సభలు జరిపి తీర్మానాలు చేస్తారు. కొందరు పత్రికలు నడుపుతారు. కొందరు తమ శరీరాన్నే పణంగా పెట్టి నిరాహార దీక్షకు పూనుకుంటారు. మరికొందరు కేకలతో, రాళ్ళతో తమ ఆవేశాన్ని వెళ్ళబోసుకుంటారు. మార్గాలు అనేకం. ఆ మార్గాలను బట్టే నమ్మకం విలువ కొంత పెరగడమో తరగడమో జరుగుతూ ఉంటుంది.

తెలుగువారి ఆధునిక చరిత్రలో ఇందుకు ఉదాహరణలు కొల్లలుగా ఉన్నాయి. అయితే నేటి ఒడిశా రాష్ట్రంలో, ఆంధ్రదేశపు సరిహద్దున ఉన్న ఒక చిన్న పట్టణంలో, ముప్పది రూపాయల జీతంతో జీవితం ప్రారంభించిన ఒక బడిపంతులు ఉదాహరణ తెలుగు మాధ్యమ పాఠశాలలకు మిక్కిలి దగ్గరిది. ఆయనే గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు. ఆయన జన్మదినమైన ఆగస్టు 29వ తేదీని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకొంటున్నాము. పిల్లలు ఆనాడు పద్యాలు చదువుతారు, పెద్దలు ఉపన్యాసాలిస్తారు. కాని ఆయన తన నమ్మకం కోసం ఏ విధంగా పోరాడారో, ఎన్నిసార్లు ఓడిపోయారో, ఓడిన తర్వాత ఏమి చేశారో తెలిసినవారు తక్కువ. నిజానికి తెలుసుకోదగినది అదే.

బడిలో మొదలైన జీవితం

రామమూర్తిగారు 1863 ఆగస్టు 29న శ్రీముఖలింగ క్షేత్రానికి సమీపంలోని పర్వతాలపేటలో జన్మించారు. తండ్రి వీర్రాజుగారు రెవిన్యూ శాఖలో చిన్న ఉద్యోగి. తల్లి వెంకమ్మగారు. తండ్రి 1875లో మరణించడంతో బాలుడు విజయనగరం చేరి మహారాజావారి పాఠశాలలో చదువుకున్నాడు. అక్కడ ఆయనకు సహాధ్యాయి గురజాడ అప్పారావుగారు. ఒకే బడిలో చదివిన ఆ ఇద్దరు బాలురు మున్ముందు తెలుగు వచనం నడకనే మార్చివేస్తారని అప్పట్లో ఎవరూ ఊహించి ఉండరు.

1879లో మెట్రిక్యులేషన్ పూర్తి చేసి, 1880లో పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో మొదటి ఫారం పిల్లలకు చరిత్ర బోధించే ఉపాధ్యాయునిగా చేరారు. ఉద్యోగం చేసుకుంటూనే ప్రైవేటుగా చదివి పట్టభద్రులయ్యారు. చరిత్ర చెప్పే పంతులు చరిత్రను పుస్తకంలో మాత్రమే చూస్తే చాలదని ఆయన తలంచారు. శ్రీముఖలింగం దేవాలయాలలోని శాసనాలను చదవడానికి ప్రాచీన లిపులను తనంతట తానే నేర్చుకున్నారు. ఆ శాసనాల మీద ఇంగ్లీషు పరిశోధన పత్రికలలో వ్యాసాలు ప్రకటించారు. ఒక మాట నమ్మాలంటే ముందు దానికి ఆధారం చూడాలి అనే అలవాటు ఆయనకు ఈ రాళ్ళ దగ్గరే అబ్బిందని చెప్పవచ్చు. తర్వాతి కాలంలో ఆయన చేసిన వాదాలన్నింటికీ ఈ అలవాటే పునాది.

సవర కొండల పిలుపు

పర్లాకిమిడి చుట్టూ ఉన్న కొండలలో సవరలు నివసిస్తారు. వారి భాష తెలుగుకుగాని ఒడియాకుగాని చెందినది కాదు. అది ముండా భాషా కుటుంబంలోనిది. సంతకు వచ్చే సవరలను బస్తీ జనం మోసగించడం, వారి మాటను ఎవరూ పట్టించుకోకపోవడం ఆ రోజులలో నిత్యకృత్యం. వారికి చదువు రావాలంటే వారి భాషలోనే రావాలని రామమూర్తిగారు గ్రహించారు. అయితే ఆ భాషకు లిపి లేదు, వ్యాకరణం లేదు, నిఘంటువు లేదు. నేర్పేవారు అసలే లేరు.

ఆయన సభ జరపలేదు. ఎవరినీ నిందించలేదు. తెలుగు, సవర భాషలు రెండూ తెలిసిన ఒక వ్యక్తిని తన ఇంటనే ఉంచుకొని, భాష నేర్చుకోవడం మొదలుపెట్టారు. సవర గ్రామాలకు కాలినడకన వెళ్ళారు. పాటలు, కథలు, సామెతలు సేకరించారు. ఆ భాషలో వాచకాలు రాశారు. సొంత డబ్బుతో బడులు పెట్టి ఉపాధ్యాయులకు జీతాలిచ్చారు. ఒక సామాన్య ఉపాధ్యాయుని సంసారం మీద ఈ ఖర్చు ఎంత బరువో ఉద్యోగస్థులకు వేరుగా చెప్పనక్కరలేదు. ఆయన కృషిని గుర్తించి 1913లో ప్రభుత్వం రావు బహదూర్ బిరుదమిచ్చింది. సవర భాషా వ్యాకరణం 1931లోను, సవర-ఇంగ్లీషు నిఘంటువు 1938లోను వెలువడ్డాయి. అంటే యౌవనంలో మొదలుపెట్టిన పని వార్ధక్యంలో పూర్తి అయినది.

ఈ పనికి ఆయన చెల్లించిన మూల్యం మరొకటి ఉన్నది. కొండలలో తిరుగుతూ అడవి జ్వరం తెచ్చుకున్నారు. ఆ జ్వరానికి వాడిన క్వినైను వలన వినికిడి శక్తి దెబ్బతిన్నది. జనం నోట పలికే భాషను వినడమే జీవిత వ్రతంగా పెట్టుకున్న మనిషికి చెవులు వినిపించకుండా పోయాయి. ఆ తర్వాత కూడా ఆయన పని ఆగలేదు.

తరగతి గదిలో పుట్టిన వివాదం

తెలుగు భాష విషయంలో రామమూర్తిగారి పోరాటం ఒక సామాన్యమైన ప్రశ్నతో మొదలయింది. 1907 ప్రాంతంలో జె.ఎ. యేట్స్ అనే ఇంగ్లీషు అధికారి ఉత్తర కోస్తా జిల్లాల పాఠశాలల తనిఖీ అధికారిగా వచ్చారు. పిల్లలు ఇంట్లో మాట్లాడే తెలుగుకు, బడిలో చదివే తెలుగుకు అంత తేడా ఎందుకని ఆయన పంతుళ్ళను అడిగారు. విశాఖపట్నంలోని మిసెస్ ఎ.వి.ఎన్. కళాశాల ప్రధానాచార్యులైన పి.టి. శ్రీనివాస అయ్యంగారు ఈ ప్రశ్నకు తగిన సమాధానం చెప్పగలవారు గురజాడ, గిడుగులేనని ఆయనకు సూచించారు. అప్పటి నుంచి ఈ నలుగురి ఆలోచన ఒక ఉద్యమంగా రూపొందింది.

ఆనాటి పరిస్థితిని నేటి పిల్లలకు వివరించవలసి ఉంటుంది. చిన్నయసూరి నీతిచంద్రిక 1853లోను, బాలవ్యాకరణం 1858లోను వెలువడిన తర్వాత బడులలో వచనం ఎట్లా రాయాలన్నదానికి అవే కొలబద్దలయ్యాయి. ఇంట్లో ‘వచ్చాడు’ అనే పిల్లవాడు పలక మీద ‘వచ్చెను’ అని రాయాలి. ‘చేస్తున్నాడు’ అంటే తప్పు, ‘చేయుచున్నాడు’ అంటే ఒప్పు. అరసున్న ఎక్కడ, బండి ర ఎక్కడ అన్నది తెలియకపోతే మార్కులు పోతాయి. పిల్లవాడికి చెప్పవలసిన విషయం తెలిసినా, దానిని చెప్పే మాట అతనిది కాదు. ఫలితంగా తాను అనుకున్నది రాయడం మాని, కంఠస్థం చేసినది రాయడం అలవాటయ్యేది. రామమూర్తిగారిని కదిలించినది ఈ దుస్థితి. ముప్పది ఏండ్లు పిల్లల మధ్య గడిపిన ఉపాధ్యాయునికి ఇది సిద్ధాంత చర్చ కాదు, రోజూ కంటి ఎదుట కనిపించే నష్టం.

ఆయన 1911లో ఉద్యోగ విరమణ చేశారు. సామాన్యంగా విశ్రాంతికి కేటాయించే వయస్సును ఆయన వాదానికి కేటాయించారు. ఆయన వాదంలో మూడు అంశాలు ముఖ్యమైనవి. మొదటిది, చదువుకున్నవారు నిత్యం మర్యాదగా మాట్లాడుకునే శిష్ట వ్యావహారికమే వచన రచనకు, బడి చదువుకు తగిన భాష. రెండవది, ఇది కొత్తగా కల్పించినది కాదు. శాసనాలలో, పాత లేఖలలో, వ్యాఖ్యానాలలో, ఏనుగుల వీరాస్వామయ్యగారి కాశీయాత్ర చరిత్ర వంటి గ్రంథాలలో వాడుక రూపాలు ఉన్నాయి. మూడవది, గ్రాంథికమే రాయాలని శాసించే పండితులు సైతం దానిని తప్పులు లేకుండా రాయలేకపోతున్నారు. ఎవరికీ పట్టుబడని భాషను పసిపిల్లల మీద రుద్దడం న్యాయమా అన్నది ఆయన ప్రశ్న.

ఇక్కడ ఒక అపోహను తొలగించడం అవసరం. రామమూర్తిగారు ప్రాచీన కావ్యాలకు విరోధి కారు. నన్నయ, తిక్కనల ప్రయోగాలను వేళ్ళ మీద లెక్కపెట్టి చూపగల పాండిత్యం ఆయనది. కావ్యాన్ని కావ్యంగా చదివించండి, కాని పిల్లవాడు ఉత్తరం రాయడానికి, లెక్క వివరించడానికి, చరిత్ర చెప్పడానికి ఆ భాషను విధించవద్దు అన్నదే ఆయన విన్నపం. ప్రతిపక్షులు ఈ వాదాన్ని ‘గ్రామ్యవాదం’ అని పేరు పెట్టి ఎగతాళి చేశారు. గ్రామ్యం వేరు, శిష్ట వ్యావహారికం వేరు అని ఆయన ఎన్నో సభలలో ఓర్పుగా వివరించవలసి వచ్చింది.

అవతలివారి పట్టుదల

ఒక వివాదాన్ని చెప్పేటప్పుడు గెలిచినవారి పక్షం మాత్రమే చెప్పడం చరిత్ర కాదు. రామమూర్తిగారిని ఎదిరించినవారు అల్పులు కారు. వారికి నాయకులు జయంతి రామయ్య పంతులుగారు. ఉన్నతోద్యోగం చేసినవారు, శాసన పరిశోధకులు, భాష మీద అపారమైన ప్రేమ కలవారు. 1911లో మద్రాసులో ఆంధ్ర సాహిత్య పరిషత్తు స్థాపనకు ఆయన ముఖ్య కారకులు. వావిలికొలను సుబ్బారావుగారు, వేదము వేంకటరాయశాస్త్రిగారు వంటి మహాపండితులు ఆయన పక్షాన నిలిచారు. వేదంవారు తమ ప్రతాపరుద్రీయ నాటకంలో పాత్రోచితంగా వాడుక భాషను ప్రవేశపెట్టినవారే. అయినను బడి వచనానికి మాత్రం గ్రాంథికమే తగినదని వారి అభిప్రాయం.

వారి భయం నిరాధారమైనది కాదు. జిల్లా జిల్లాకు మాట మారుతుంది. విశాఖపట్నం వాడుక ఒకటి, నెల్లూరు వాడుక మరొకటి, బళ్ళారి వాడుక ఇంకొకటి. వీరందరినీ కలిపి ఉంచుతున్నది గ్రంథాల భాష ఒక్కటే. దానిని సడలిస్తే తెలుగువారు ఒకరి రాత ఒకరికి అర్థం కాని స్థితి వస్తుందేమోనని వారు శంకించారు. తొమ్మిది వందల ఏండ్ల సాహిత్యానికి, రేపటి పిల్లలకు మధ్య వంతెన కూలిపోతుందేమోనని బాధపడ్డారు. పిల్లవాని నోటిమాటను కాపాడాలని ఒక పక్షం, తాతముత్తాతల మాటను కాపాడాలని మరొక పక్షం పూనుకున్నాయి. రెండు పక్షాలదీ భాషాభిమానమే.

పరిషత్తు వారి పట్టుదల సభలతో ఆగిపోలేదు. పిఠాపురం మహారాజావారి పోషణలో సూర్యరాయాంధ్ర నిఘంటువు అనే మహత్కార్యానికి వారు పూనుకున్నారు. తాటాకు ప్రతులను సేకరించి భద్రపరిచారు. నేటికీ ఒక పాత మాటకు అర్థం వెదికేవారు ఆ నిఘంటువునే ఆశ్రయిస్తారు. రామమూర్తిగారి సవర నిఘంటువు ఎంత గొప్పదో, రామయ్య పంతులుగారి పక్షం తలపెట్టిన తెలుగు నిఘంటువు అంత గొప్పది. గాఢమైన నమ్మకం నిర్మాణాత్మకమైన పనిగా మారినప్పుడు, వాదంలో ఎవరు గెలిచినా లోకానికి లాభమే మిగులుతుందన్న సత్యానికి ఇది చక్కని నిదర్శనం.

ఓటమి, ఆ తర్వాత

1912-13 ప్రాంతంలో స్కూలు ఫైనలు వ్యాసరచనను విద్యార్థులు కావ్యభాషలోగాని ఆధునిక భాషలోగాని రాయవచ్చునన్న ఉత్తర్వు వెలువడింది. వాడుక భాషావాదులకు అది గొప్ప విజయం. కాని ఆ విజయం ఎంతో కాలం నిలువలేదు. మద్రాసు విశ్వవిద్యాలయం వ్యాసరచన భాషను నిర్ణయించడానికి ఏర్పరచిన సంఘంలో అధిక సంఖ్యాకులు గ్రాంథికం వైపు మొగ్గారు. గురజాడవారు అనారోగ్యంతో బాధపడుతూనే సుదీర్ఘమైన అసమ్మతి పత్రాన్ని సమర్పించారు. అది వాదనలో ఎంత బలమైనదైనా ఓట్లలో నెగ్గలేదు. 1914లో ప్రభుత్వం పాత ఉత్తర్వును రద్దు చేసి కావ్యభాషనే స్థిరపరచింది. మరుసటి సంవత్సరం, 1915 నవంబరు 30న గురజాడవారు కన్నుమూశారు.

రామమూర్తిగారికి అప్పటికి యాభై రెండు ఏండ్లు. ఉద్యోగం లేదు. చిన్ననాటి మిత్రుడు లేడు. ప్రభుత్వం, విశ్వవిద్యాలయం, పండితలోకం అన్నీ ఎదురుగా నిలిచాయి. చెవి సరిగా వినిపించదు. ఇటువంటి ఘట్టంలో మనుషులు సాధారణంగా రెండు దారులలో ఏదో ఒకటి పడతారు. నిరాశతో మౌనం వహిస్తారు, లేదా కోపంతో సభలను రసాభాస చేస్తారు. ఆయన మూడవ దారి ఎన్నుకున్నారు. పుస్తకాల సంచి తీసుకొని ఊరూరా తిరిగారు. సభలో నిలబడి, ప్రాచీన గ్రంథాలు తెరిచి, ఇదిగో ఈ కవి ఈ రూపాన్ని వాడాడు, ఇదిగో ఈ పండితుడు తాను నిషేధించిన రూపాన్నే తన రచనలో వాడాడు అని పుటలు చూపారు. ఆయన తన వాదానికి ఆయుధంగా వాడినది ఆధారాన్ని. బాలకవి శరణ్యము, గద్యచింతామణి, ఆంధ్ర పండిత భిషక్కుల భాషా భేషజము వంటి రచనలు ఈ శ్రమ ఫలితాలే.

ఆయన కలం ఎప్పుడూ మెత్తగానే ఉన్నదని చెప్పలేము. పండితుల తప్పులను పట్టికలు కట్టి చూపడంలో చురుకు ఉన్నది, కొందరికి అది గాయమై తగిలింది. రెండు పక్షాల రచనలలోను పరిహాసం, ఎత్తిపొడుపు లేకపోలేదు. అయితే ఎంత వేడి పుట్టినా ఆ పోరాటం కాగితం మీద, సభావేదిక మీద సాగింది. ఎవరి ఇంటి మీద రాయి పడలేదు. ఈనాటి మన ప్రజాజీవితాన్ని చూచినవారికి ఇది చిన్న విషయంగా తోచదు.

1919లో రాజమహేంద్రవరంలో వర్తమానాంధ్ర భాషా ప్రవర్తక సమాజం ఏర్పడింది. దానికి అధ్యక్షులుగా ఉండడానికి అంగీకరించినవారు కందుకూరి వీరేశలింగం పంతులుగారు. జీవితమంతా గ్రాంథిక వచనం రాసి, ఆ వచనంతోనే ఒక యుగాన్ని తీర్చిదిద్దిన మహనీయుడు, మరణానికి కొద్ది నెలల ముందు వాడుక భాష పక్షాన నిలిచారు. ఎదుటివానిని ఓడించడం కంటె ఒప్పించడం ఎంత గొప్పదో ఈ సంఘటన చెప్పుతుంది. ఆ సంవత్సరమే రామమూర్తిగారు ‘తెలుగు’ అనే మాసపత్రిక ప్రారంభించారు. ధనాభావం వలన అది సుమారు ఒక ఏడాది మాత్రమే నడిచింది. పత్రిక ఆగిపోయినా ఆయన తయారుచేసిన మనుషులు ఆగలేదు. బరంపురంలో జన్మించి పర్లాకిమిడిలో ఆయన శిష్యుడైన తాపీ ధర్మారావుగారు తర్వాతి కాలంలో పత్రికా రచనలో వాడుక భాషను ప్రవేశపెట్టినవారిలో ప్రముఖులు. తరగతి గదిలో నాటిన విత్తు పత్రికా కార్యాలయంలో మొలకెత్తింది.

1936: ఊరు విడిచిన ఉదయం

రామమూర్తిగారి జీవితంలో మరొక ఘట్టం సరిహద్దు ప్రాంతాలలోని తెలుగువారికి ప్రత్యేకంగా తెలియవలసినది. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రంగా అవతరించింది. మద్రాసు రాష్ట్రంలో ఉన్న పర్లాకిమిడి పట్టణం కొత్త రాష్ట్రంలో చేరింది. పర్లాకిమిడి మహారాజా కృష్ణచంద్ర గజపతి నారాయణ దేవ్‌గారు ఒరిస్సా రాష్ట్ర స్థాపనకు పాటుపడినవారిలో అగ్రగణ్యులు. రౌండు టేబులు సమావేశంలో ఒడియావారి కోరికను వినిపించినవారు. 1937లో ఆ రాష్ట్రానికి తొలి ప్రధానమంత్రి అయినవారు.

తెలుగువారు అధికంగా ఉన్న పర్లాకిమిడిని ఒరిస్సాలో చేర్చరాదని రామమూర్తిగారు వాదించారు. ఆ వాదం నెగ్గలేదు. ప్రారంభోత్సవం జరిగే నాటి ఉదయమే, డెబ్బది రెండు ఏండ్ల వయస్సులో, యాభైకి పైగా సంవత్సరాలు తన జీవితానికి కేంద్రమైన ఊరిని విడిచి ఆయన రాజమహేంద్రవరం చేరుకున్నారు. ఊరేగింపు లేదు, నినాదం లేదు. వెళ్ళిపోవడమే ఆయన చెప్పిన మాట.

ఇక్కడ కూడా అవతలి పక్షం మాట వినకపోతే న్యాయం జరగదు. ఒడియావారి బాధ అంతకుముందు నుంచీ ఉన్నదే. వారి ప్రాంతాలు మూడు నాలుగు రాష్ట్రాలలో చెల్లాచెదరుగా ఉండేవి. ఒడియా ప్రత్యేక భాషే కాదని, బడులలో అది అక్కరలేదని 1870 ప్రాంతంలో కొందరు వాదించినప్పుడు ఫకీర్ మోహన్ సేనాపతి వంటివారు ముద్రణాలయం పెట్టి, పాఠ్యపుస్తకాలు రాసి తమ భాషను నిలబెట్టుకున్నారు. 1903లో మధుసూదన్ దాస్‌గారి నాయకత్వాన ఉత్కళ సమ్మేళనం ఏర్పడి మూడు దశాబ్దాలు శాంతియుతంగా కృషి చేసింది. తమ పిల్లలు తమ మాటలో చదువుకోవాలన్న కోరిక రామమూర్తిగారిది ఎంత నిజమో, ఫకీర్ మోహన్‌గారిది అంత నిజం. సరిహద్దు గీత ఎక్కడ గీచినా, దాని అవతల కొందరు మిగిలిపోక తప్పదు. ఆ మిగిలినవారి సంతతి ఈనాటి గజపతి, గంజాం, రాయగడ, కోరాపుట్ జిల్లాలలోని తెలుగు కుటుంబాలలో ఉన్నది.

ఆ 1936వ సంవత్సరంలోనే మరొక విశేషం జరిగింది. సవర మేధావి మంగేయి గొమాంగో తమ భాషకు సొరంగ్ సొంపెంగ్ అనే ప్రత్యేక లిపిని రూపొందించారు. రామమూర్తిగారు మొదట తెలుగు లిపిలో, తర్వాత రోమన్ లిపిలో రాసిన భాషకు ఆ భాష మాట్లాడేవారే సొంత అక్షరాలు సమకూర్చుకున్నారు. 2012లో ఆ లిపి యూనికోడ్‌లో సైతం స్థానం పొందింది. తన మాట మీద తనకు గౌరవం కలిగిన జాతి ఇతరులు ఇచ్చినదానితో తృప్తిపడదు, తనదంటూ ఒకటి చేసుకుంటుంది. సవరల మాటకు గౌరవం కోరిన పంతులుగారి ఆశయానికి ఇంతకంటె సార్థకత వేరే లేదు.

దీక్ష, నిదానం

పట్టుదలను ప్రకటించే తీరులు పోల్చి చూచేటప్పుడు పొట్టి శ్రీరాములుగారిని తలవకుండా ఉండలేము. మద్రాసులో 1952 అక్టోబరు 19న ఆంధ్ర రాష్ట్రం కోసం ఆయన నిరాహార దీక్ష ప్రారంభించారు. డిసెంబరు 15 రాత్రి ప్రాణాలు విడిచారు. నాలుగు రోజులకు కేంద్ర ప్రభుత్వం ప్రత్యేక రాష్ట్రాన్ని ప్రకటించింది. 1953 అక్టోబరు 1న అది అవతరించింది. ఆయన బాధనంతా తన శరీరం మీదనే వేసుకున్నారు. కాని ఆయన మరణానంతరం కోస్తా పట్టణాలలో చెలరేగిన విధ్వంసం, పోలీసు కాల్పులు, పోయిన ప్రాణాలు ఆయన కోరినవి కావు. ఒకరి త్యాగం మరొకరి ఆవేశానికి నిప్పు కావచ్చునన్న కఠిన సత్యం ఆ నాలుగు రోజులలో వెల్లడి అయింది.

శ్రీరాములుగారి మార్గం అసాధారణమైనది. అది అందరికీ సాధ్యం కాదు, అందరూ అనుసరించదగినదీ కాదు. రామమూర్తిగారి మార్గం నిదానమైనది. ప్రతి ఉపాధ్యాయుడు, ప్రతి తల్లి, ప్రతి తండ్రి తమ శక్తి కొలది అనుసరించగలిగినది. ఆయన ఫలితాన్ని పూర్తిగా కళ్ళారా చూడలేదు. 1938లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు ఆయనకు కళాప్రపూర్ణ బిరుదమిచ్చి గౌరవించినా, పాఠ్యపుస్తకాలలో వాడుక భాష స్థిరపడడానికి ఇంకా చాలా కాలం పట్టింది. 1940 జనవరి 22న మద్రాసులో ఆయన పరమపదించారు. మరణానికి కొద్ది దినాల ముందు కూడా పత్రికలవారిని ఉద్దేశించి వాడుక భాష ఆవశ్యకతను గూర్చి మాట్లాడారు. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమీ కళాశాల పుస్తకాలను ఆధునిక భాషలో వెలువరించే నాటికి ఆయన పోయి మూడు దశాబ్దాలు కావచ్చింది. నేడు ఏ పత్రిక తెరిచినా, ఏ వాచకం చదివినా కనిపించే భాష ఆయన కోరిన భాషే.

తెలుగు బడికి ఈ చరిత్ర చెప్పేది

తెలుగునాట తెలుగు బడి నడపడం ఒక ఎత్తు. తెలుగునాటికి వెలుపల తెలుగు బడి నడపడం మరొక ఎత్తు. ఇక్కడ పిల్లవానికి ఇంట్లో తెలుగు, వీధిలో రాష్ట్ర భాష, ఉద్యోగానికి ఇంగ్లీషు. తెలుగు పుస్తకాలు సమయానికి అందకపోవడం, ఉపాధ్యాయుల ఖాళీలు నిండకపోవడం, ఏటేటా పిల్లల సంఖ్య తగ్గడం సరిహద్దు బడులన్నింటికీ తెలిసిన కష్టాలు. ఇటువంటి బడి డెబ్బది ఐదేండ్లు నిలిచిందంటే దాని వెనుక పేరు చెప్పుకోని పట్టుదలలు ఎన్నో ఉండి తీరాలి. బిడ్డను తెలుగు బడికి పంపడం వలన వెనుకబడిపోతాడేమోనని ఇరుగుపొరుగువారు హెచ్చరించినా పంపిన తల్లిదండ్రుల నిర్ణయం ప్రజాజీవితంలో నమ్మకాన్ని ప్రకటించడమే. దానికి వేదిక లేదు, చప్పట్లు లేవు. ప్రవేశ పత్రం మీద చేసిన సంతకమే వారి ఉపన్యాసం.

అయితే అభిమానం ఒక్కటే చాలదని పర్లాకిమిడి పంతులుగారి జీవితం హెచ్చరిస్తున్నది. తెలుగు మీద ప్రేమ ఉన్నదని సభలలో చెప్పుకొని, ఇంట్లో పిల్లవానితో ఒక్క తెలుగు కథ చదివించనివారి అభిమానం గాలిలో మాట. అదేవిధంగా, తన భాషను ప్రేమించడమంటే పక్కవాని భాషను తక్కువ చేయడం కాదు. రామమూర్తిగారు తెలుగు కోసం పోరాడిన రోజులలోనే సవర కోసం కూడా పాటుపడ్డారు. 2008లో తెలుగు, 2014లో ఒడియా ప్రాచీన భాషలుగా గుర్తింపు పొందాయి. ఒకే ఊరి వీధులలో ఈ రెండు భాషలూ వింటూ పెరిగే పిల్లలు నష్టపోయినవారు కారు. వారికి రెండు ఆస్తులు దక్కాయి, మూడవదిగా సవర పాట కూడా చెవిని పడితే మరింత అదృష్టవంతులు.

పట్టుదల నిజమైనదా కాదా అని తేల్చడానికి రామమూర్తిగారి జీవితం కొన్ని సులభమైన ప్రశ్నలు అందిస్తున్నది. ఆ నమ్మకం కోసం మనిషి తన జేబులోనుంచి ఏమి ఖర్చు చేశాడు? తన మాటకు ఏ ఆధారం చూపాడు? ఓడిన మరునాడు ఏ పని చేశాడు? ఎదుటివాని నమ్మకానికి తన నమ్మకానికి ఇచ్చినంత గౌరవం ఇచ్చాడా? చివరి ప్రశ్నకు సమాధానం చెప్పడం అందరికంటె కష్టం. ఆనాటి ఇరుపక్షాల వారు కూడా అందులో పూర్తి మార్కులు సంపాదించలేదు.

పాత విద్యార్థులు నేడు అనేక ఉద్యోగాలలో, అనేక రాష్ట్రాలలో ఉన్నారు. ఈ సంచికలోని తెలుగును వారు నిఘంటువు సహాయం లేకుండా చదవగలుగుతున్నారంటే, అందుకు ఒక చరిత్ర పంతులు పుస్తకాల సంచితో ఊరూరా తిరగడం ఒక కారణం. ఆ భాషను తమ పిల్లలకు అందించడం వారి వంతు. బడి ఇచ్చిన అక్షరం ఇంటింటా పలికిననాడే ప్లాటినం జూబిలీకి సార్థకత.